మారుపేర్ల గొంతులు ఎక్కడ దాచాలి?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. ఓపికతో చదవండి. ముఖ్యంగా ఫోన్లు పట్టుకొని తాతల దగ్గర కూర్చుంటున్న మా కోల్‌బెల్ట్ తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవాలి.

మా దగ్గర రిటైర్మెంట్‌ను "దిగిపోవుడు" అంటారు. "మా నాయిన మొన్న మార్చిల దిగిపోయిండు" అంటే సర్వీసు అయిపోయిందని అర్థం. ముప్పై నలభై ఏండ్లు రోజూ బాయిలోకి దిగినవాడు ఆఖరి రోజు పైకి వస్తే, దాన్ని కూడా దిగిపోవుడే అంటాం. సైన్యం నుంచి వచ్చినవాడికి వేరే మాట ఉంది. మాజీ సైనికుడు, వెటరన్. జనవరి 14న ఆయన పేరు మీద ఒక రోజు కూడా ఉంది. ఆ గౌరవం మీద నాకేం పేచీ లేదు. మన వాడల నుంచి పోయి సరిహద్దుల్లో నిలబడి వచ్చినవాళ్లున్నారు, వాళ్ల మాటలూ రికార్డు కావాల్సిందే. కానీ పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చోట ముప్పై ఏండ్లు బొగ్గు నింపి బతికి బయటపడ్డవాడిని ఏమని పిలవాలో ఈ దేశానికి తెలియదు. అందుకే ఆయన మాట ఎక్కడ దాచాలో కూడా తెలియదు.

అమెరికాలో 2000 సంవత్సరంలో అక్కడి పార్లమెంటు చట్టం చేసి 'వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు' పెట్టింది. అది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంటుంది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ల మాటలను ఎవరైనా రికార్డు చేసి పంపొచ్చు. మనవరాలైనా సరే, బడి పిల్లలైనా సరే. అట్లా లక్షకు పైగా మంది కథలు చేరాయి. ఆ సైన్యం లోకంలో ఏం చేసిందో మనకు తెలుసు, అది వేరే ముచ్చట. నేను చూసింది వాళ్ల నిబంధనలు. మాట కనీసం 30 నిమిషాలుండాలి. కత్తిరింపులు చేయొద్దు. దానితో పాటు ఒక ఫారం నింపాలి: పేరు, పుట్టిన ఊరు, ఏ దళం, ఏ హోదా, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఎక్కడెక్కడ. మాట్లాడినవాళ్లు, అడిగినవాళ్లు ఇద్దరూ అనుమతి పత్రాల మీద సంతకం పెట్టాలి. అంటే గొంతు ఒక్కటే దొరికితే చాలదని వాళ్లు ముందే గుర్తించారు. అది ఎవరిదో, ఎప్పటిదో, ఎవరి ఒప్పుదలతో వింటున్నామో చెప్పే కాగితం పక్కన ఉండాలి.

కాగితం ఉన్నా అది ఎవరి అవసరం కోసం రాశారనేది ఇంకో సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున పోయి జర్మనీకి పట్టుబడ్డ మన సిపాయిలను బెర్లిన్ దగ్గర వున్స్‌డార్ఫ్‌లో హాఫ్‌మూన్ క్యాంపులో పెట్టారు. 1915-18 మధ్య జర్మన్ పండితులు యంత్రాలు పట్టుకొచ్చి ఖైదీల గొంతులు రికార్డు చేశారు. మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి 1916 డిసెంబర్ 11న ఆ యంత్రం ముందు ఒక నిమిషం పైచిలుకు మాట్లాడాడు. హిందుస్తాన్‌లో వెన్న తిని పెరిగిన మనిషి ఒకడుండేవాడని, వాడిప్పుడు ఇంటికి పోవాలని తపిస్తున్నాడని, తన గోసనే ఎవరిదో కథ లెక్క చెప్పాడు. పండితులకు కావాల్సింది ఆయన గోస కాదు, ఆయన భాష, ఉచ్చారణ. రిజిస్టరు కూడా అట్లనే రాసుకున్నారు. ఆ డిస్కులు బెర్లిన్ హంబోల్ట్ యూనివర్సిటీలో వందేండ్లుగా భద్రంగా ఉన్నాయి. ఫిలిప్ షెఫ్నర్ అనే ఆయన 2007లో సినిమా తీసేదాకా బయట వాటిని మనుషుల మాటలుగా విన్నవాళ్లు తక్కువ.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

సింగరేణి చరిత్ర ఎక్కడ చదివినా ఒకటే వరస. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టిండు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది. 1920 డిసెంబర్ 23న దానికి సింగరేణి కాలరీస్ అని పేరు పెట్టారు. 1961లో రామగుండంలో బాయిలు మొదలైనయి. ఏటా డిసెంబర్ 23న జెండా, స్టాళ్లు, పాటలు. ఉత్పత్తి లెక్క టన్నుల్లో దొరుకుతుంది. ఆ టన్నులు తట్టల్లో నింపినవాడి మాట దొరకదు. 1990ల మొదట్లో 1,16,000 దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. తట్టా చెమ్మస్ పట్టిన తరం దాదాపు అందరూ దిగిపోయారు. ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాక ఫిల్లర్ అనే పనే లేకుండా పోయింది. ఆ పని ఎట్లుంటుందో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. దమ్ముతో, దగ్గుతో మంచంలో ఉన్నారు.

అందుకే పిల్లలు రికార్డు చేస్తుంటే సంతోషమే. కానీ ఆ తర్వాత ఏం జరుగుతున్నదో చూడండి. గంటన్నర మాటను నలభై సెకన్ల రీలు చేస్తున్నారు. వెనక విషాద సంగీతం పెడుతున్నారు. పైన "నల్లబంగారు వీరుడు" అని రాస్తున్నారు. రీలు ఎక్కించాక ఫోన్ నిండిందని అసలు ఫైలు తీసేస్తున్నారు. ఇంకొందరు వాట్సాప్‌లో పంపి అదే భద్రం అనుకుంటున్నారు. ఫోన్ పోతే అది పోయె. ఛానల్ మూసుకుపోతే అదీ పోయె. దళిత్ కెమెరా లాంటి ఛానళ్లు మన గొంతును మన చేతిలోకి తెచ్చిన పని చిన్నది కాదు, నేను దాన్ని తక్కువ చెయ్యను. అయితే యూట్యూబ్ మన అల్మరా కాదు, అద్దె గోడ. ఓనర్‌కు నచ్చని రోజు చెరిపేస్తడు.

రీలులో పోయేది ఎక్కువగా పని ముచ్చటే. తాత ఏడ్చిన ముక్క ఉంటుంది, టోపీ లైటు ఎట్ల కట్టుకున్నడో చెప్పిన ముక్క ఉండదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీలో నీళ్లు మీదికొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడు అక్టోబర్ 16న 8ఏ బాయిలో కప్పు కూలి 10 మంది. ప్రమాదాల పట్టికలో ఇవి ఒక తేదీ, ఒక అంకె, ఒక కారణం. ముందు రోజు షిఫ్టులో నీళ్లు ఎట్లున్నయి, కప్పు ఎట్ల పలికింది, ఎవరు ఎవరికి చెప్పిండ్రు అనేది బతికి ఉన్న టింబర్‌మ్యాన్, ట్రామర్ నోట్లోనే ఉంటది. కప్పు "పలుకుతది" అని మా వాళ్లంటారు. ఆ పలుకును చెవితో పట్టిన మనిషిని గంటసేపు నిదానంగా అడగాలె. ఏడిపించడానికి కాదు.

ఇక అసలు చిక్కు. మా ప్రాంతం బయటి మిత్రులకు ఇది తెలియకపోవచ్చు, అందుకే వివరంగా రాస్తున్నా. బొగ్గుబాయిల్లో "మారుపేర్లు" అని ఒక పెద్ద సమస్య ఉంది. వెనకట బాయి పనికి మనుషులు దొరకని రోజుల్లో ఒకరి పేరు మీద ఇంకొకరు చేరారు. అన్నకు పని దొరికింది, వాడు భయపడి ఊరికి పోయిండు, తమ్ముడు అదే పేరు మీద దిగిండు. ఇంకో చోట ఊరంతా పిలిచే పేరు ఒకటి, క్లర్కు చెవికి వినబడి రాసుకున్నది ఒకటి. చదువు రానివాడు ఏం రాశారో చూసుకునేదెక్కడ? ముప్పై ఏండ్లు ఆ పేరు మీదే మస్టర్ పడింది, ఆ పేరు మీదే జీతం, ఆ పేరు మీదే నాగా, ఆ పేరు మీదే చార్జిషీటు. ఇంట్లో మాత్రం వేరే పేరు. కొడుకు టెన్త్ సర్టిఫికెట్ మీద తండ్రి పేరు ఇంట్లోది, కంపెనీ కాగితం మీద బాయిది. తండ్రి చనిపోయినా, మెడికల్‌గా అన్‌ఫిట్ అయినా వారసుడి ఉద్యోగం అక్కడ ఆగిపోతది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ మారుపేర్ల మీద హామీలు వినబడతయి. ధర్నా చౌక్ దగ్గర ఫ్లెక్సీలు మారుతుంటయి.

మరి ఈ మనిషిని రికార్డు చేస్తే ఫైలుకు ఏ పేరు పెడతారు? ఒక పెద్దాయన నా ఫోను చూసి, "బంద్ చెయ్యి బిడ్డా, ఇగ నా అసలు పేరు చెప్త" అన్నడు. బంద్ చేసిన. చెప్పిండు. అది ఇక్కడ రాయను, ఎక్కడా రాయను. ఆయన మాట యూట్యూబ్‌లో పెట్టి కింద రెండు పేర్లూ రాసినమంటే, అది ఎవరో ఒకరు విజిలెన్స్‌కు పంపితే, ఆ ఇంట్లో ఒకడి ఉద్యోగం ఊడుతది. మనం చరిత్ర అనుకున్నది వాళ్ల మీద సాక్ష్యం అయితది. అట్లని ఆ ముచ్చటే రికార్డు చేయకపోతే, ఈ బెల్టులో బీదవాళ్లు తమ సొంత పేరు కూడా కంపెనీ గేటు బయట వదిలి పనికి దిగిన సంగతి ఎక్కడా మిగలదు. దీన్ని "అమ్మో వద్దు" అని వదిలేసినా తప్పే, "నిజం చెప్పాలె" అని ఎక్కించేసినా తప్పే.

రహస్యంగా దాస్తాం అని మాట ఇస్తే సరిపోతదా? సరిపోదు. ఐర్లాండ్ సంగతి చదవండి. 2001 నుంచి 2006 దాకా అమెరికాలోని బోస్టన్ కాలేజీ తరఫున బెల్ఫాస్ట్‌లో సాయుధ సంస్థల్లో పనిచేసినవాళ్లను రికార్డు చేశారు. మీరు చనిపోయేదాకా బయటపెట్టం అని చెప్పి చేశారు. 2011లో బ్రిటిష్ పోలీసుల కోసం అమెరికా ప్రభుత్వం కోర్టు నోటీసులు తెచ్చింది. ఎంత కొట్లాడినా కొన్ని రికార్డులు అప్పగించక తప్పలేదు. మంచి యూనివర్సిటీ, మంచి ప్రొఫెసర్లు, మంచి ఉద్దేశం. చట్టం ముందు ఏదీ నిలబడలేదు. ఇక్కడ గోదావరిఖనిలో 1980ల, 90ల ముచ్చట అడిగితే సమ్మెలు వస్తయి, సికాస వస్తది, ఎన్‌కౌంటర్లు వస్తయి, స్టేషన్ల దెబ్బలు వస్తయి. కార్యకర్తల ఇళ్లలో సోదాలు చేసి హార్డ్ డిస్కులు ఎత్తుకపోయే కాలంలో ఉన్నాం. కాబట్టి మాట ఇచ్చే ముందు మనం నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వాలె. "తాతా, ఇది నా దగ్గర ఉంటే నన్ను అడిగినోళ్లకు ఇవ్వాల్సి రావచ్చు. ఇంకో మనిషికి ముప్పు తెచ్చే పేరు చెప్పకు" అని ముందే చెప్పాలె. అది చెప్తే మాట తగ్గుతది కదా అని ఒక తమ్ముడు అన్నడు. తగ్గుతది. తగ్గనీ.

ఇప్పుడు కులం సంగతి. దీని మీద నాకూ ఎర్రజెండా మిత్రులకూ ఎప్పటి నుంచో పంచాయితీ ఉంది. ఫారంలో కులం గడి ఎందుకు, కార్మికుడు కార్మికుడే కదా అంటారు. నేను వాళ్లను భీమా కోరేగావ్ స్తంభం దగ్గరికి తీసుకుపోత. 1818 జనవరి 1 యుద్ధంలో చనిపోయిన సిపాయిల పేర్లు బ్రిటిష్‌వాళ్లు ఆ రాతి మీద చెక్కించారు. వాటిలో చాలా పేర్లు "నాక్" అని ముగుస్తయి. ఆ ఒక్క ముక్కతోనే అవి మహర్ల పేర్లని తెలుస్తది. తర్వాత సైన్యం మహర్లను చేర్చుకోవడం ఆపేస్తే, మేం ఎప్పటి నుంచో సైనికులం అని వాదించడానికి వాళ్లకు ఒక రాయి ఉంది. సుబేదార్ రాంజీ కొడుకు బాబాసాహెబ్ 1927 జనవరి 1న ఆ రాయి దగ్గరికే పోయిండు. అక్కడ "కంపెనీ సిపాయిలు" అని మాత్రం రాసి ఉంటే మన చేతికి ఏం మిగిలేది? 1941లో మహర్ రెజిమెంట్ వచ్చింది, అది వేరే కథ. అదే బాబాసాహెబ్ 1943 డిసెంబర్‌లో వైస్రాయ్ కౌన్సిల్ లేబర్ మెంబర్‌గా ఝరియా బొగ్గు గనులకు పోయి, స్వయంగా లోపలికి దిగి చూసిండు. మా నిజాం రాజ్యం అప్పుడు ఆయన శాఖ కిందికి రాదు. అయినా గని కార్మికుడి గురించి మాట్లాడేటప్పుడు ఆ దిగడం మరిచిపోలేం.

కాబట్టి కులం గడి ఉండాలె. ఏ ఊరి నుంచి వచ్చినవ్, అక్కడ ఎవరి దగ్గర జీతం ఉన్నవ్, వెట్టి చేసినవా, దొర నుంచి ఎట్ల తప్పించుకొని వచ్చినవ్. బాయిల ఫిల్లర్లు ఎవరు, క్లర్కులు ఎవరు, బాయి దొర ఎవరు. బ్యారక్‌లో ఎవరెవరు కలిసి వండుకున్నరు, ఎవరి గ్లాసు ఎక్కడ ఉండె. లోపల నల్లబొగ్గు పూసుకుంటే అందరం ఒక్కటే అని చాలామంది చెప్తరు. అది నిజమే కావచ్చు. పైకొచ్చి స్నానం చేసినంక ఏమైందో కూడా అడగాలె. కొందరు చెప్పరు. కులం చెప్పుకోకుండా బతకడానికే కోల్‌బెల్ట్‌కు వచ్చినవాళ్లున్నరు. వాళ్ల గడి ఖాళీగా వదలండి. మీ ఊహతో నింపకండి.

ఆడవాళ్లను ఎవరూ అడగడం లేదు. స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, వాళ్ల మాటల్లోనే చెప్పించింది. తెలుగులో ఈ పనికి అంతకంటే పెద్ద దారి లేదు. మరి నలభై ఏండ్ల తర్వాత మనం తాత ముందు ఫోన్ పెడుతున్నం, అవ్వతో "చాయ్ పెట్టవ్వా" అంటున్నం. ఫస్ట్ షిఫ్ట్‌కు తెల్లవారక ముందే లేచి టిఫిన్ కట్టింది ఆమె. సైరన్ వేళ కాని వేళ మోగితే ఉరికింది ఆమె. మారుపేరు సంగతి మొదట తెలిసింది ఆమెకే, ఎందుకంటే రేషన్ కార్డులో ఆమె భర్త పేరు ఒకటి, క్వార్టర్ కాగితంలో ఇంకొకటి. తాత కూర్చున్నప్పుడు ఆమె మాట్లాడదు. వేరే రోజు, వేరేగా పోవాలె. వీలైతే చెల్లెళ్లే పోవాలె.

దాచే పని గురించి ఇగ సూటిగా చెప్త. ఫోన్ రికార్డర్‌లో వేవ్ ఫార్మాట్ ఉంటే అది పెట్టండి, ఫైలు పెద్దదైనా సరే. వాట్సాప్‌లో పంపితే నాణ్యత పోతది, కేబుల్‌తో దించుకోండి. అసలు ఫైలు ముట్టొద్దు. రీలు చేయాలనుకుంటే నకలు మీద చేసుకోండి. మూడు కాపీలు ఉండాలె. రెండు రకాల వాటి మీద ఉండాలె. ఒకటి ఊరి బయట ఉండాలె, వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో చదువుకునే మన పిల్లల దగ్గర. ఆరునెలలకోసారి తెరిచి వినాలె. హార్డ్ డిస్కు చెప్పకుండా చస్తది. ఫైలు పేరులో మనిషి పేరు వద్దు. తేదీ, ఊరు, వరస నంబరు చాలు.

మొత్తం మాట కాగితం మీద రాయడం ఎవరివల్లా కాదు, రాద్దామని మొదలుపెట్టి మూడో గంటలో వదిలేసినోళ్లను చాలామందిని చూసిన. దానికంటే నిమిషాల సూచిక రాయండి. 4వ నిమిషం: బదిలీ ఫిల్లర్‌గా చేరుడు. 19వ నిమిషం: హాలర్ తాడు తెగుడు. 37వ నిమిషం: నాగాలు, చార్జిషీటు. అమెరికాలో కెంటకీ యూనివర్సిటీవాళ్లు ఇదే పనికి ఓమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేశారు, వాడొచ్చు. నోట్‌బుక్ అయినా నడుస్తది. కంప్యూటర్‌తో రాయిస్తే మన యాసను, బాయి మాటలను ఇష్టమొచ్చినట్టు మారుస్తది. చెమ్మస్ అంటే చెంచా అని రాసినా రాస్తది. అందుకని పక్కన బాయి మాటల పట్టిక ఒకటి పెంచుకుంటూ పోండి.

రిజిస్టర్లు రెండు. మొదటి దాంట్లో నంబరు, తేదీ, బాయి, పని, ఏ ఏండ్లు, ఊరు, కులం, ఎవరు అడిగారు, ఎంతవరకు వినిపించొచ్చు. వినిపించడం మూడు రకాలుగా అడగాలె: ఇప్పుడే అందరికీ, నేను పోయినంక, నా పిల్లలను అడిగినంకనే. రెండో రిజిస్టర్‌లో నంబరు ఎదురుగా మనిషి పేరు. మారుపేరు ఉన్నవాళ్ల రెండో పేరు అందులో కూడా రాయొద్దు. అది ఇంటివాళ్లు రాయమన్నప్పుడు రాసుకోవచ్చు. రెండో రిజిస్టర్ కంప్యూటర్‌లో పెట్టొద్దు, ఆన్‌లైన్‌లో అసలే పెట్టొద్దు.

ఇదంతా ఎక్కడ ఉంచాలె అన్నదాని మీద తలా ఒక మాట అంటున్నరు. కొందరు కంపెనీకే ఇద్దాం, మ్యూజియం పెడతది అంటున్నరు. యజమాని దగ్గర కార్మికుడి సాక్ష్యం దాచుడు ఏందో నాకు అర్థం కాదు. కొందరు యూనియన్ ఆఫీసు అంటున్నరు. యూనియన్ చీలితే బీరువా తాళం ఎవరిదో ఆలోచించండి. నోయిడాలో వి.వి. గిరి లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో 1998 నుంచి కార్మికుల చరిత్రకు డిజిటల్ ఆర్కైవ్ ఉంది. "ఇప్పుడే అందరికీ" అన్నవాటి కాపీ అక్కడ ఉంటే మంచిదే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా. మిగతావి మన దగ్గరే. అంబేడ్కర్ సంఘం, చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలు, దిగిపోయిన కార్మికులు ఇద్దరు కలిసి ఒక చిన్న కమిటీ అయితే చాలు. ఎవరైనా పరిశోధకుడు వస్తే సంతకం పెట్టించుకొని వినిపించండి. ఫైలు ఇవ్వకండి. ఆయన పుస్తకం అచ్చయితే ఒక కాపీ మన బీరువాలోకి రావాలె.

దిగిపోయినంక క్వార్టర్ ఖాళీ చేయాలె. ఆ తర్వాత ఒకరు ఊరికి పోతరు, ఒకరు కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోతరు, పక్క పక్క గోడల మధ్య ముప్పై ఏండ్లు బతికినవాళ్ల అడ్రసులు కూడా దొరకవు. ఈ నెలాఖరుకు ఎవరెవరు దిగిపోతున్నరో పిట్ ఆఫీసు దగ్గర అడిగితే చెప్తరు. సామాను లారీ ఎక్కకముందే ఒకసారి పోయి రండి. పోయేముందు ఫోన్‌లో జాగా చూసుకోండి.